చివరగా పొంగిన చోటు

ఎవరింట్లో పాలు పొంగిస్తున్నా ఇప్పుడు నా చూపు గిన్నె మీద నిలవదు. పొయ్యి మట్టంగా ఉందా లేదా అని చూస్తుంటాను. మొన్న ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో మా టీమ్ కుర్రాడు కొత్త ఇల్లు కొనుక్కుని పిలిస్తే వెళ్ళాను. పాలు పొంగాయి, అందరూ చప్పట్లు కొట్టారు, పైకప్పుకున్న పొగ అలారం కూడా తన వంతు కూతలు కూసింది. నేను మాత్రం వంగి, పాలు ఏ పక్క నుంచి ముందు కారాయో చూస్తున్నాను. "ఏంటి మేడమ్, ఏమైనా పడిపోయిందా?" అన్నాడు ఆ అబ్బాయి. ఏమీ లేదన్నాను. ఆవిడ ఉంటే ఏమనేదో నాకు తెలుసు. అంతమంది పట్టుచీరల మధ్య ఆ మాట అనగలిగే ధైర్యం ఆవిడకే ఉండేది, నాకు లేదు.

ఆవిడ నాకు పరిచయమైంది కూడా పాల దగ్గరే. మా గృహప్రవేశం రోజున మా అత్తగారు తణుకు నుంచి వీడియో కాల్‌లో ఉన్నారు. పాలు తూర్పుకి పొంగితే ఇంటికి మంచిదని మా అత్తగారి నమ్మకం. అవి శుభ్రంగా పడమటికి కారాయి. వంటగది అంతా చప్పబడిపోయింది. ఫోన్‌లో అత్తగారి మొహం చిన్నబోయింది. అప్పుడు మా పక్కింటివాళ్ళు వెంటబెట్టుకొచ్చిన ఒక పెద్దావిడ ముందుకొచ్చింది. నేత చీర, చేతికి మగవాళ్ళ గడియారం, ఎండకి కమిలిన మొహం. పూజ పళ్ళెంలోంచి ఒక నిమ్మకాయ తీసి పొయ్యి పక్కన గట్టు మీద పెట్టింది. అది నిదానంగా పడమటి గోడ వైపు దొర్లింది.

"పడమటికి పోక యాడికి పోతాయి? మీ గట్టూ పొయ్యీ రెండూ అట్ల వంగి ఉండాయి," అంది. "ఇది దేవుడు చేసింది కాదుమ్మా, కాంట్రాక్టర్ చేసింది."

మా ఆయన చేత పొయ్యి కాలి కింద అట్టముక్క మడిచి దోపించింది. మళ్ళీ పాలు పెట్టించింది. ఈసారి అవి నాలుగు పక్కలా కారాయి. "మరి ఇది శుభమేనాండీ?" అని ఫోన్‌లోంచి అత్తగారు బెరుగ్గా అడిగారు.

"ఇప్పటికి ఇట్ల అనుకుందాం," అంది ఆవిడ.

ఆ తర్వాత ఈ మాట లెక్కలేనన్ని సార్లు విన్నాను. ఆవిడది కడప. ఇక్కడ ఒక కాలేజీలో పిల్లలకి జియాలజీ చెప్పేది. దేన్నీ ఖాయంగా చెప్పే అలవాటు లేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అక్కా అంటే, ఇప్పటికి ఇట్ల అనుకుందాం. గిలా బెండ్ అనే ఊరు దాటాక, ఫోన్‌కి సిగ్నల్ లేని ఎడారిలో, గ్యాస్ ముల్లు కిందికి వాలిపోతుంటే, ఈ రోడ్డేనా అక్కా అని అడిగినా అదే మాట. నేను చిప్‌ల ఫ్యాక్టరీలో టెస్టింగ్ చేస్తాను. మా దగ్గర పాస్, ఫెయిల్ అని రెండే ఉంటాయి. అలాంటి నాకు ఆవిడతో స్నేహం ఎలా కుదిరిందో నాకే అయోమయం.

ఒక శనివారం "అగ్నిపర్వతం చూపిస్తా రాండి" అంది. మా ఆయన నాకంటే ముందే బూట్లు వేసుకుని తయారయ్యాడు. ఆవిడ పాత పికప్‌లో ముగ్గురం ఇరుక్కుని కూచున్నాం. ఫీనిక్స్ ఇళ్ళన్నీ వెనకబడ్డాయి, గడ్డి పొలాలు వచ్చాయి, ఆవుల ఫారాల పేడ వాసన వచ్చింది, చివరికి ఒక గేటు దాటి మట్టి రోడ్డు ఎక్కాం. కాసేపటికి ఆవిడ బండి ఆపి దిగమంది. దిగి చూస్తే చుట్టూ నల్లరాళ్ళు, ముళ్ళ పొదలు, కనుచూపు మేర చదును.

"కొండ ఎక్కడక్కా?" అన్నాను.

"ఎక్కినారు కదా."

"ఎప్పుడు?"

"ఆ గేటు దాటినప్పటి నుంచి ఎక్కుతానే ఉండాం."

నేను వెనక్కి తిరిగి చూశాను. చాలా సేపు చూస్తే, అవును, వచ్చిన దారి కొంచెం కిందికి ఉన్నట్టే ఉంది. లేనట్టూ ఉంది. ఇంతలో మా ఆయన నా చెయ్యి పట్టుకుని లాగాడు. దూరంగా ఆకాశంలోకి తెల్లగా, దట్టంగా ఆవిరి లేస్తోంది. "పొగ! పొగ వస్తోంది! బండి ఎక్కండి!" అని అరిచాడు. అది అణు విద్యుత్ కేంద్రం కూలింగ్ టవర్ల ఆవిరి. చలికాలం పొద్దున్నే బాగా కనిపిస్తుందట. ఆవిడ నవ్వి నవ్వి ఒక రాయి మీద కూలబడింది. "దానికి భయపడితే ఒక అర్థముంది సామీ. దీనికెందుకు? ఇది ముసలిది, పాపం." ఆ మైదానానికి మళ్ళీ రానని మా ఆయన ఇంటికొచ్చే దారిలోనే ఒట్టు పెట్టుకున్నాడు, ఆ ఒట్టు మీద నిలబడ్డాడు కూడా. నేను మాత్రం చలికాలం వచ్చిందంటే చాలు, ఆవిడ వెంట వెళుతూనే ఉన్నాను.

"ఇది పేలిన కొండ కాదు, పొంగిన కొండ" అని ఆవిడ ఎప్పుడూ దిద్దేది. "గారెల పిండి అయితే కుప్పగా నిలబడతాది. అట్ల పిండి నిలబడదు, పోసిన చోటి నుంచి పరుచుకుంటా పోతాది. ఈ లావా అట్ల పిండి. పుస్తకాల్లో దీన్ని బోర్లించిన డాలు అంటారు. మనలో డాలు చూసినోళ్ళు ఎవరుండారు? అట్టు అనుకో. అట్టు మీద అట్టు, దాని మీద ఇంకో అట్టు."

నేల అడుగున ఎక్కడో రాయి కొంచెం కరుగుతుందట. దారి వెతుక్కుంటూ పైకొచ్చి కొన్ని నెలలో, కొన్నేళ్ళో పొంగుతుందట. కరిగిన సరుకు అయిపోగానే ఆగిపోతుంది. వచ్చిన దారి గడ్డకట్టి మూసుకుపోతుంది. మళ్ళీ ఎప్పుడో ఇంకొంచెం కరిగితే అది ఈ మూసుకుపోయిన దారి జోలికి రాదు, వేరే చోట పైకొస్తుంది. అందుకే ఆ చుట్టుపక్కల ఇలాంటి చదును కొండలు ఇంకా ఉన్నాయి. లక్షల ఏళ్ళ కిందట ఒక్కొక్కటి ఒక్కసారి పొంగి ఊరుకున్నాయి. ఊరుకోవడమే వాటి జాతి లక్షణం అనేది.

సుత్తితో రాయి పగలగొట్టి, పగిలిన వైపు నాలుకతో తడిపి, "సూడు, ఆకుపచ్చ గింజలు" అని నా చేతిలో పెట్టేది. తడిస్తే గింజలు బాగా కనిపిస్తాయి, నిజమే. కానీ ఎంగిలి! నేను చున్నీ కొసతో పట్టుకుని చూసేదాన్ని. "ఇన్ని లక్షల ఏండ్ల రాయికి నా ఎంగిలి ఒక లెక్కా?" అని నవ్వేది. రాయికి లెక్క లేకపోవచ్చు, నాకుంది. ఆవిడ ఎన్నిసార్లు అలా ఇచ్చినా నేను చున్నీ వదల్లేదు.

ఆవిడకి ఆ కొండతో ఒకే ఒక్క పేచీ, ఇదీ ఒక్కసారే పొంగిందా, రెండుసార్లా అని. కొండకి తూర్పు పక్క ఒక వాగు గట్టుని నిలువునా కోసింది. నీళ్ళు లేని వాగు. అక్కడ కోసిన కేకులా అంతా కనిపిస్తుంది. కింద నల్లరాయి, పైన నల్లరాయి, మధ్యలో అరచేయంత మందాన ఎర్ర పొర. ఆ ఎర్రది మట్టి అయితే కొండ రెండుసార్లు పొంగినట్టు. మొదటి లావా చల్లారి, దాని మీద వేల ఏళ్ళు దుమ్ము పేరుకుని మట్టయి, ఆ మట్టి మీదికి రెండో లావా వచ్చి దాన్ని ఇటుకలా కాల్చినట్టు. అలా కాక, మొదటి లావా పైన విరిగిన పెంకులే వేడికీ గాలికీ ఎర్రబడి ఉంటే, అంతా ఒకటే పొంగు. ఆ అరచేతి మందంలో గడిచింది వేల ఏళ్ళు కావచ్చు, వారం రోజులు కావచ్చు.

జేబులో నిమ్మకాయ లేకుండా ఆవిడ అక్కడికి వచ్చేది కాదు. కాలేజీలో ఆసిడ్ సీసా ఉంటుంది గానీ ఆవిడకి నిమ్మకాయే ఇష్టం. ఎర్ర పొరలో ఉన్న తెల్ల చారని చాకుతో గీరి, ఆ పొడి మీద రసం పిండి, చెవి దగ్గరగా పెట్టి వినేది. సన్నగా బుసబుసమనేది. "సున్నం! మట్టిలో పుట్టే సున్నం!" అని మొహం వెలిగిపోయేది. కాసేపటికే ఆ వెలుగు ఆరిపోయేది. "వాన నీళ్ళతో పైనుంచి దిగిన సున్నమూ ఇట్లనే బుస కొడతాది కదమ్మా."

అలా ఒక చలికాలం ఒక్కసారే పొంగింది అనేది, ఇంకో చలికాలం రెండుసార్లు పొంగింది అనేది. దాన్ని బట్టి కొండ నోరు కూడా మారిపోయేది. పడమట ఒక చిన్న మిట్ట ఉంది, గుల్ల గుల్లగా ఎర్రరాళ్ళతో. లావా పైకొచ్చిన నోరు అదేనని అందరూ ఒప్పుకుంటారట. తూర్పున ఇంకో ఉబ్బు ఉంది. కొండ రెండుసార్లు పొంగి ఉంటే రెండో నోరు అదే. ఒక్కసారే అయితే అది నోరే కాదు, పైన పెచ్చు కట్టాక కింది లావా తోసుకొచ్చి ఉబ్బిన చోటు, అంతే. నాకు రెండూ ఒకలాగే కనపడేవి. ఒకసారి ఒళ్ళు మండి అడిగేశాను.

"ఏదో ఒకటి తేల్చండక్కా. ఒక్కసారా, రెండుసార్లా?"

"రాయి తేల్చలేదు, నేనెట్ల తేలుస్తా?"

"పోనీ రెండూ కావచ్చు అనుకుందాం."

ఆవిడ సుత్తి కింద పెట్టి నా వైపు చూసింది. అప్పుడు ఆవిడలో టీచర్ని చూశాను. "పరీక్షలో రెండిటికీ టిక్ పెట్టినోళ్ళకి నేను సున్నా వేస్తా. ఒకటే పెట్టాల. తప్పయినా సరే, ఒకటి పెట్టి దాని మీద నిలబడాల. రుజువు వస్తే దిగాల."

"మరి మీరు?"

"పోయిన చలికాలం ఒకటి పెట్టినా. ఈ చలికాలం ఇంకోటి పెట్టినా. ఎప్పుడూ రెండు పెట్టలేదు."

ఇది తెలివో, మొండితనమో, నన్ను ఆట పట్టించడమో నాకర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు.

చివరిసారి వెళ్ళినప్పుడు బండి నేను నడిపాను. ఒళ్ళు బాగాలేదని చెప్పింది గానీ ఎంత బాగాలేదో చెప్పలేదు. వాగు దాకా నడవలేనని కారులోనే కూచుని, ఎర్ర పొరలోంచి ఒక ముక్క తెమ్మంది. తెచ్చిచ్చాను. నాలుకతో తడిపింది, భూతద్దం కంటికి ఆనించుకుంది, చాలా సేపు చూసింది.

"ఓ," అంది.

"ఏంటక్కా?"

"ఏమీ లే. పెరుగన్నం తీ, ఆకలేస్తాంది."

తిన్నాం. ఆవిడ బాగానే తింది, ఊరగాయ మళ్ళీ అడిగి వేయించుకుంది. మళ్ళీ వచ్చినప్పుడు అడగొచ్చులే అనుకున్నాను. ఆ రాయిని కిటికీలోంచి బయటికి విసిరేసి, "పోదాం పద" అంది. ఆ మళ్ళీ రాలేదు. ఆవిడ పోయాక ఆ "ఓ" ఒక్కటే నా దగ్గర మిగిలింది. అది ఒక్కసారి అన్న ఓనా, రెండుసార్లు అన్న ఓనా? ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తూ నాలో నేను రకరకాలుగా ఓ అని చూసుకున్నాను. ఏ ఓ అయినా ఎటైనా సరిపోయింది. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఒక్క మాట చెప్పి పోవచ్చు కదా అని.

ఆవిడ కూతురు డెట్రాయిట్ పక్కన నోవైలో కార్ల కంపెనీలో ఇంజనీర్. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. దహనం ఫీనిక్స్‌లోనే జరిగింది. ఆ తర్వాత నాకు ఫోన్ చేసింది.

"ఆంటీ, అమ్మకి అక్కడే ఉండాలి అంట. ద వాల్కేనో. 'నన్ను చివరగా పొంగిన చోట కలుపు, ఆ ఆంటీకి తెలుసు' అని చెప్పింది. సో... మీకు తెలుసు కదా?"

తెలుసని ఎందుకు చెప్పింది? ఎవరికి తెలుసు? ఆవిడకే తెలియలేదు. అయినా ఆ పిల్లతో ఫోన్‌లో తెలీదు అనడానికి నోరు రాలేదు. రేపు వెళదాం అన్నాను.

బూడిద ఉన్న పెట్టెని గుడ్డసంచిలో ఒళ్ళో పెట్టుకుని కూచుంది దారంతా. కాళ్ళ దగ్గర పాల క్యాన్. పంతులుగారు ఫోన్‌లో పాలు పోయమన్నారట. అక్కడ కలపడానికి అనుమతి సంగతులన్నీ తనే ముందు కనుక్కుంది. సాయంత్రం డెట్రాయిట్ ఫ్లైట్. "చిన్నప్పుడు ఒక్కసారి వచ్చాను ఆంటీ. వేడికి ఏడ్చాను. తర్వాత అమ్మ పిలిస్తే నేను ఎప్పుడూ రాలేదు. ఫ్లాట్ మౌంటెన్ అని జోక్ చేసేదాన్ని." ఒళ్ళోని పెట్టె సర్దుకుంది. "అమ్మ నన్ను ఏమీ అడగలేదు, ఎవర్. ఇది ఒక్కటే అడిగింది. ఐ వాంట్ టు గెట్ దిస్ రైట్."

కారు ఆపాను. దిగి చుట్టూ చూసి, "కొండ ఎక్కడ ఆంటీ?" అంది.

"ఎక్కేశాం," అన్నాను.

నవ్వబోయి ఏడ్చేసింది. నేను పక్కన నిలబడ్డాను. పడమటి మిట్ట వైపు చూశాను, తూర్పు ఉబ్బు వైపు చూశాను. రెండూ ఎప్పటిలాగే ఒక్క మాటా చెప్పకుండా ఉన్నాయి. కాళ్ళు వాటంతటవే వాగు వైపు నడిచాయి. ఆ పిల్ల పెట్టె ఎత్తుకుని నా వెనక వచ్చింది.

ఎర్ర పొర ముందు నిలబడి ఆ పేచీ అంతా చెప్పాను. మట్టి అయితే రెండుసార్లు, తూర్పు. పెంకులైతే ఒక్కసారే, పడమర. మీ అమ్మ ఏది అనుకుని పోయిందో నాకు తెలీదని మాత్రం చెప్పలేకపోయాను. తను శ్రద్ధగా విని, "రెండు చోట్లా సగం సగం కలుపుదామా?" అంది.

"సున్నా వేస్తుంది," అన్నాను.

ఒక ముక్క ఊడబెరికాను. ఏం చెయ్యాలో తెలీక నాలుకతో తడిపాను. అన్నేళ్ళలో అదే మొదటిసారి. కళ్ళ దగ్గర పెట్టుకు చూశాను. ఎర్రగా ఉంది. అంతకు మించి నాకేమీ కనపడలేదు. ఆ పిల్ల చెయ్యి చాచి, నా ఎంగిలి రాయినే తీసుకుని తనూ నాలుకకి ఆనించుకుంది. నేను చెప్పలేదు, తనకే అలా చెయ్యాలని తోచింది.

"మట్టిలా ఉంది," అంది. "నాలుకకి స్టిక్ అవుతోంది."

ఎడారిలో ఏ రాయి నాకినా మట్టిలాగే ఉంటుంది, ఆ మాత్రం నాకూ తెలుసు. అయినా ఆ మాటని పట్టుకున్నాను. మునిగేవాడికి గడ్డిపోచ చాలు కదా.

"మట్టి. అయితే రెండుసార్లు పొంగింది. తూర్పు."

"ఆర్ యూ షూర్, ఆంటీ?"

"షూర్," అన్నాను. నా జీవితంలో అంత తెలియకుండా దేన్నీ పాస్ చెయ్యలేదు.

తూర్పు ఉబ్బు మీదికి నడిచాం. ఎక్కుతున్నామో లేదో తెలియలేదు. గాలి తక్కువగా ఉన్నప్పుడు చూసి, ఆ పిల్ల మోకాళ్ళ మీద కూచుని, పెట్టె నేలకి దగ్గరగా వంచి మెల్లగా కలిపింది. నల్లరాళ్ళ సందుల్లో తెల్లగా పరుచుకుంది. దాని మీద పాలు పోసింది. నేను అలవాటు కొద్దీ వంగి, పాలు ఎటు పోతాయో అని చూశాను. తనూ చూసింది. అవి ఎటూ పోలేదు. పోసినవి పోసినట్టే నేల తాగేసింది.

తను లేచి చేతులు జీన్స్‌కి తుడుచుకుంది. నా మొహంలోకి చూసింది.

"మీకు నిజంగా తెలీదు కదా, ఆంటీ?"

నాకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకోవడానికి చున్నీ వెతుక్కుంటుంటే, ఆ పిల్ల తడిసిన నేల వైపు తిరిగి, యాస ఎక్కడా తప్పకుండా, అచ్చం కడప నుంచి నిన్ననే దిగినట్టు అంది.

"ఇప్పటికి ఇట్ల అనుకుందాం."